కొటేషన్‌లో ఆ ఒక్క లైను: కొత్త సిస్టమ్‌కి ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ ఎలా ఎంచుకోవాలి

బరంపురంలోనో, రాయగడలోనో, పర్లాకిమిడిలోనో కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించుకుందామని షాపుకి వెళ్తే ముందు ఒక కొటేషన్ రాసిస్తారు. అందులో ప్రాసెసర్‌కి మోడల్ నంబరు ఉంటుంది. మదర్‌బోర్డుకీ, గ్రాఫిక్స్ కార్డుకీ ఉంటుంది. ర్యామ్ దగ్గర ఎన్ని జీబీ, ఎంత స్పీడు అన్నది కూడా రాస్తారు. స్టోరేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "1 టీబీ ఎస్ఎస్‌డీ" అని రాసి వదిలేస్తారు. మహా అయితే పక్కన "ఎన్‌వీఎంఈ" (వేగమైన రకం ఎస్ఎస్‌డీ) అన్న మాట చేరుతుంది. ఆ మాటలకి సరిపోయే డ్రైవులు బజారులో పదుల కొద్దీ ఉన్నాయి, పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు వాటి మధ్య వేగంలో తేడా ఐదారు రెట్లు ఉండొచ్చు.

ప్రాసెసర్ కాలిపోతే ఇంకోటి కొంటాం. డ్రైవు పోతే దాంతోపాటు పోయేది ఏ షాపులోనూ దొరకదు. మన వైపు ఇళ్లలో కంప్యూటర్లలో ఏముంటాయో ఒక్కసారి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. ఆ కాలంనాటి తెలుగు దస్తావేజులు ఇంకా దాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. మడతల దగ్గర చిరిగిపోతున్న ఆ కాగితాలని ఈమధ్యే స్కాన్ చేయించుకుంటున్నారు. పెళ్లి వీడియోలు, నాన్నమ్మ పాడిన పాటల రికార్డింగులు, ఒడియా మీడియంలో చదివే పిల్లల ప్రాజెక్టులు, ఇంట్లో డీటీపీ పని చేసేవాళ్లయితే ఏళ్ల తరబడి కట్టిన శుభలేఖలు. ఇవన్నీ ఆ ఒక్క లైను మీద ఆధారపడి ఉన్నాయి. అందుకే ఆ లైనులో మోడల్ నంబరు పడేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దని నేను అందరికీ చెబుతుంటాను.

నంబరు రాయించాలంటే ముందు మనకి ఏం కావాలో తేలాలి. సిస్టమ్‌లో డ్రైవు రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ఒకటి విండోస్‌నీ, ప్రోగ్రాముల్నీ, గేముల్నీ నడిపించడం. రెండోది ఫోటోలూ కాగితాలూ ఏళ్ల తరబడి భద్రంగా ఉంచడం. మొదటి దానికి వేగం కావాలి. రెండో దానికి వేగంతో పెద్దగా పని లేదు, చోటూ భరోసా కావాలి. ఒకే డ్రైవుతో రెండు పనులూ కానిచ్చేద్దామనుకున్నప్పుడే చిక్కులు మొదలవుతాయి.

వేగం సంగతి ముందు చూద్దాం. హార్డ్ డిస్కులో నిజంగానే పళ్లేలు తిరుగుతుంటాయి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కులో ఒక్క చుట్టుకి 8 మిల్లీసెకన్లకి పైగా పడుతుంది. కావాల్సిన చోటు హెడ్డు కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, హెడ్డు అటూ ఇటూ కదిలే సమయం దీనికి అదనం. పెద్ద సినిమా ఫైలు ఒకే వరసలో చదవాలంటే ఇది అడ్డు కాదు. విండోస్ లేచేటప్పుడు మాత్రం వేల చిన్న చిన్న ఫైళ్లు అక్కడొకటి ఇక్కడొకటి చదువుతుంది. అలాంటి చదువులో హార్డ్ డిస్క్ సెకనుకి ఒక ఎంబీ ఇవ్వడానికి కూడా కష్టపడుతుంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అదే పనిలో పదుల ఎంబీలు ఇస్తుంది. పాత సిస్టమ్‌కి సాటా (హార్డ్ డిస్కులకీ వాడే పాత కనెక్షన్ పద్ధతి) ఎస్ఎస్‌డీ వేయగానే కొత్తదిలా అనిపించడానికి కారణం ఇదే.

ఇక్కడి నుంచి పెట్టె మీది అంకెలు మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకి సుమారు 550 ఎంబీ, మూడో తరం పీసీఐఈ (ఎన్‌వీఎంఈ డ్రైవులు వాడే వేగమైన కనెక్షన్) డ్రైవు 3500, నాలుగో తరం 7000, ఐదో తరం 14000 దాకా అని రాసి ఉంటుంది. అంకెలు అబద్ధం కావు. కాకపోతే అవి ఒక పెద్ద ఫైలుని ఏకబిగిన చదివినప్పటివి. చిన్న ఫైళ్లు ఒక్కొక్కటిగా చదివేటప్పుడు మూడో తరానికీ ఐదో తరానికీ తేడా కొద్దిగానే ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసులు, బ్యాంకు పనులు, ఎక్సెల్, ఫోటోలు, పిల్లల గేములు నడిచే ఇంట్లో ఐదో తరం డ్రైవుకి పెట్టే అదనపు డబ్బు కంటికి కనిపించదు. పైగా అది బాగా వేడెక్కుతుంది, మంచి హీట్‌సింక్ అడుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో పెట్టే క్యాబినెట్‌కి అది అనవసరమైన బరువు. రోజూ 4కే వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు ఉంటే అది వేరే లెక్క.

ఎం.2 అన్న మాట గురించి కూడా చెప్పాలి. అది ఆకారం పేరు మాత్రమే. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఆ ఆకారంలోనే సాటా డ్రైవులు వస్తాయి, ఎన్‌వీఎంఈ డ్రైవులూ వస్తాయి. సాధారణంగా కాంటాక్టుల దగ్గర రెండు గాట్లు ఉంటే సాటా, ఒక్కటే ఉంటే ఎన్‌వీఎంఈ. ఎన్‌వీఎంఈకి మాత్రమే పనికొచ్చే స్లాటులో సాటా ఎం.2 పెడితే సిస్టమ్ దాన్ని గుర్తించదు. కొన్ని మదర్‌బోర్డుల్లో రెండో ఎం.2 స్లాటు వాడగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. హార్డ్ డిస్క్ కనబడటం లేదని కంగారుపడి షాపుకి తిరిగి తీసుకొచ్చేవాళ్లలో కొందరి సమస్య ఇదే. మాన్యువల్‌లో స్టోరేజీ పేజీ ఒక్కటి చదివితే ముందే తెలిసిపోతుంది.

అసలు తేడాలు డ్రైవు లోపల

ఎస్ఎస్‌డీలో సమాచారం ఉండేది ఫ్లాష్ చిప్పుల్లో. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా బృందం 1987లో బయటపెట్టిన నాండ్ ఫ్లాష్ అనే పద్ధతే ఇప్పటికీ వీటన్నింటికీ ఆధారం. చిప్పులో కోట్లాది సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్‌లో ఎంత ఛార్జ్ ఉందో కొలిచి, అందులో ఏ బిట్లు ఉన్నాయో డ్రైవు తేల్చుకుంటుంది. సెల్‌కి ఒక్క బిట్ అయితే రెండు మట్టాలు గుర్తుపడితే చాలు. మూడు బిట్లు పెడితే ఎనిమిది మట్టాలు, దాన్ని టీఎల్‌సీ అంటారు. నాలుగు బిట్లు పెడితే పదహారు మట్టాలు, అది క్యూఎల్‌సీ. అదే సెల్‌లో ఎక్కువ మట్టాలు ఇరికించే కొద్దీ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం తగ్గిపోతుంది. జాగ్రత్తగా, నెమ్మదిగా రాయాలి. అరుగుదల త్వరగా తెలుస్తుంది. ధర మాత్రం తగ్గుతుంది.

కంపెనీలు ఈ నెమ్మదిని కప్పిపుచ్చడానికి ఒక ఉపాయం చేస్తాయి. డ్రైవులో కొంత భాగాన్ని సెల్‌కి ఒక్క బిట్ చొప్పున వాడుకుని, వచ్చిన సమాచారాన్ని ముందు అక్కడ వేగంగా రాసేస్తాయి. తరవాత తీరుబడిగా సర్దుతాయి. ఆ భాగం నిండేదాకా మనకి పెట్టె మీది వేగమే కనిపిస్తుంది. నిండాక అసలు వేగం బయటపడుతుంది. శామ్‌సంగ్ 870 క్యూవీఓ 1 టీబీ సాటా డ్రైవు దీనికి మంచి ఉదాహరణ, ఎందుకంటే కంపెనీయే స్పెసిఫికేషన్ షీటులో లెక్క ఇచ్చింది. గరిష్ఠంగా 42 జీబీ దాకా వేగంగా రాస్తుంది, ఆ తరవాత సెకనుకి 80 ఎంబీ. పెళ్లి వీడియోలు 200 జీబీ ఒకేసారి దానిలోకి ఎక్కించారనుకోండి, అరగంటకి పైనే పడుతుంది. అదే కంపెనీ టీఎల్‌సీ డ్రైవు 870 ఈవీఓ 1 టీబీకి ఆ పని ఏడు నిమిషాల లోపే. సగటు హార్డ్ డిస్కు కూడా ఆ క్యూవీఓ కంటే ముందే పని ముగిస్తుంది.

అలాగని క్యూఎల్‌సీ పనికిరాదని కాదు. ఒకసారి రాసి పదేపదే చదివే గేములకీ, సినిమాలకీ అది సరిపోతుంది. విండోస్ ఉండే మొదటి డ్రైవుగా మాత్రం నేను వద్దంటాను. ధరలో తేడా పెద్దగా లేనప్పుడు టీఎల్‌సీయే తీసుకోవాలి.

ఆయుష్షు అంకె టీబీడబ్ల్యూ అని ఉంటుంది. మొత్తం ఎన్ని టెరాబైట్లు రాసేదాకా వారంటీ వర్తిస్తుందో ఆ అంకె చెబుతుంది. పైన చెప్పిన ఈవీఓ 1 టీబీకి 600, క్యూవీఓ 1 టీబీకి 360. ఐదేళ్లలో 600 టీబీ అంటే రోజుకి 300 జీబీకి పైన రాయాలి. మామూలు ఇంట్లో దానిలో పదో వంతు కూడా రాయం. కాబట్టి ఈ అంకె చూసి భయపడక్కర్లేదు. నేను దీన్ని ఇంకో పనికి వాడతాను: పెట్టె మీద టీఎల్‌సీయో క్యూఎల్‌సీయో రాయని డ్రైవులో లోపల ఏముందో ఊహించడానికి. 1 టీబీ డ్రైవుకి 600 దగ్గర ఉంటే చాలావరకు టీఎల్‌సీ. 200 చిల్లర ఉంటే అనుమానించాలి. మోడల్ పేరు ఒక్కటే నమ్మలేం. క్రూషియల్ పీ2 అనే డ్రైవు టీఎల్‌సీతో మార్కెట్లోకి వచ్చింది, 2021 నాటికి అదే పేరుతో క్యూఎల్‌సీ డ్రైవులు అమ్ముడవుతున్నట్టు బయటపడింది.

డ్రైవుకి సొంత డీర్యామ్ (వేగమైన చిన్న మెమరీ చిప్పు) ఉండాలా అని కూడా చాలామంది అడుగుతారు. ఏ సమాచారం ఏ సెల్‌లో ఉందో చెప్పే పట్టికని వేగంగా చూసుకోవడానికి అది పనికొస్తుంది. డీర్యామ్ లేని ఎన్‌వీఎంఈ డ్రైవులు సిస్టమ్ ర్యామ్‌లో కాస్త చోటు అరువు తెచ్చుకుంటాయి, ఇంటి వాడకంలో ఆ లోటు తెలియదు. సాటా డ్రైవులకి ఆ సదుపాయం లేదు, కాబట్టి అక్కడ డీర్యామ్ ఉన్నదే మేలు.

ఎంత సైజు? 1 టీబీ కొంటే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. మోసం ఏమీ లేదు. కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. పెద్ద గేము ఒక్కటే 100 జీబీ దాటుతున్న రోజుల్లో 500 జీబీ డ్రైవు ఏడాదిలో నిండిపోతుంది. నిండిన ఎస్ఎస్‌డీలో వేగంగా రాసుకునే చోటు కుంచించుకుపోయి డ్రైవే నెమ్మదిస్తుంది. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు పెరగడంతో 2 టీబీ చాలామందికి భారమైంది. నాలుగో తరం టీఎల్‌సీ 1 టీబీ ఒకటి ఇప్పుడు తీసుకుని, రెండో ఎం.2 స్లాటు ఖాళీగా ఉంచుకునేలా మదర్‌బోర్డు ఎంచుకుంటే, అవసరమైనప్పుడు ఇంకోటి వేసుకోవచ్చు. ఇంటికి నా సలహా ఇదే.

దాచుకునే హార్డ్ డిస్కు

ఫోటోలు, వీడియోలు కొన్ని వందల జీబీలు దాటిన ఇంటికి హార్డ్ డిస్క్ ఇప్పటికీ అవసరమే. ఒక్కో టీబీకి పడే ధరలో దాన్ని ఎస్ఎస్‌డీ ఇంకా అందుకోలేదు. అయితే ఇక్కడా పెట్టె మీద కనిపించని తేడా ఒకటుంది. మామూలు పద్ధతిలో ట్రాకులు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి, దాన్ని సీఎంఆర్ అంటారు. ఎస్ఎంఆర్ పద్ధతిలో పెంకుటిల్లు కప్పు మీద పెంకుల్లా ఒక ట్రాకు అంచు మీద ఇంకో ట్రాకు పరుస్తారు. అదే చోటులో ఎక్కువ పడుతుంది. మధ్యలో ఒక ట్రాకు మార్చాలంటే మాత్రం దాని మీదుగా పరిచిన వరసంతా మళ్లీ రాయాలి. ఖాళీ డిస్కులోకి మొదటిసారి కాపీ చేసేటప్పుడు ఏమీ తెలియదు. సగం నిండి, ఫైళ్లు తీస్తూ పెడుతూ ఉన్నప్పుడు కాపీ వేగం ఒక్కసారిగా పడిపోతుంది, డిస్కు పాడైపోయిందేమోనని టెన్షన్ పడతాం.

2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ సిరీస్‌లో కొన్ని మోడళ్లకి ఎస్ఎంఆర్ వాడుతున్నట్టు వినియోగదారులు నిలదీశాక ఒప్పుకుంది. ఆ తరవాత కంపెనీలు ఏ మోడల్ ఏ పద్ధతో పట్టికలు ప్రకటించాయి. సీగేట్ పట్టిక ప్రకారం బారాకుడాలో 1 టీబీ మోడల్ ఎస్‌టీ1000డీఎం010 సీఎంఆర్, 2 టీబీ మోడల్ ఎస్‌టీ2000డీఎం008 ఎస్ఎంఆర్. పేరు ఒకటే, స్టిక్కరు రంగు ఒకటే, లోపలి పద్ధతి వేరు. క్యాబినెట్‌లో పెట్టి రోజూ వాడే డిస్కు సీఎంఆర్ కావాలి. నెలకోసారి బ్యాకప్ తీసి పక్కన పెట్టే ఎక్స్‌టర్నల్ డిస్కు ఎస్ఎంఆర్ అయినా నష్టం లేదు.

కొనేటప్పుడు కొత్తదేనా అన్నది కూడా చూసుకోవాలి. చియా అనే క్రిప్టో కోసం వేల గంటలు తిప్పేసిన హార్డ్ డిస్కులు లెక్కలు సున్నా చేసి కొత్తవిగా అమ్ముతున్న సంగతి 2025 మొదట్లో యూరప్‌లో బయటపడింది. డిస్కు బిగించిన రోజే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో ఎన్ని గంటలు నడిచిందో చూడండి, వారంటీ ఎప్పటిదాకా ఉందో సీరియల్ నంబరుతో కంపెనీ సైటులో సరిచూసుకోండి. రెండూ పొంతన కుదరకపోతే వెనక్కి ఇచ్చేయండి. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవగ్గా వచ్చే 2 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీల జోలికి అసలు పోవద్దు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, 2 టీబీ ఉన్నట్టు చూపించేలా చేస్తారు. అసలు చోటు నిండాక మీరు పెట్టే ఫైళ్లు ఉన్నట్టే కనిపిస్తాయి, తెరిస్తే తెరుచుకోవు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. విశాఖ నుంచి తెప్పించుకున్నా, ఇక్కడే కొన్నా, వారంటీకి ఆ కాగితమే ఆధారం. కాకపోతే వారంటీలో మీకు వచ్చేది ఇంకో డ్రైవు. లోపల ఉన్నవి రావు.

కరెంటు, తుఫాను, రెండో ఊరు

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకంగా సంబంధించిన విషయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, అటు శ్రీకాకుళాన్నీ ఇటు గజపతి జిల్లానీ ఒకే రోజు కుదిపేసింది. రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రోజుల సంగతి అలా ఉంచినా, చినుకు పడితే పోయే కరెంటు, లో ఓల్టేజీ మనకి ఏటా ఉండేవే.

రాస్తుండగా కరెంటు పోతే ఇంటి ఎస్ఎస్‌డీకి ఇబ్బందే. సర్వర్ల కోసం చేసే డ్రైవుల్లో ఆ క్షణాన్ని గట్టెక్కించే కెపాసిటర్లు ఉంటాయి, ఇంటివాటిలో సాధారణంగా ఉండవు. అప్పటికి రాయడం పూర్తికాని సమాచారం పోతుంది, ఒక్కోసారి ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. అందుకే డ్రైవు బడ్జెట్‌లోనే, కరెంటు పోయాక కాసేపు సిస్టమ్‌ని నిలబెట్టే యూపీఎస్‌నీ లెక్కపెట్టుకోవాలి. ఇంటికి ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే సమయం ఫ్యానుకి తెలియదు, సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అయిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌ని చిన్న యూపీఎస్ మోయలేదు. ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో భాగాలన్నింటికీ కరెంటు ఇచ్చే పెట్టె) ఎన్ని వాట్లదో చెప్పి అడిగి తీసుకోండి.

క్యాబినెట్ లోపల రెండు డిస్కులు జతచేసి ఒకటి పోయినా ఇంకోటి ఉండేలా రెయిడ్ పెట్టుకోవచ్చు. అది బ్యాకప్ కాదు. పొరపాటున ఫైలు డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది, ఎస్ఎంపీఎస్ కాలితే రెండూ ఒకేసారి పోవచ్చు. ఎస్ఎస్‌డీ నుంచి డిలీట్ అయినవి తిరిగి రాబట్టడం హార్డ్ డిస్కు కంటే చాలా కష్టం, ఎందుకంటే ట్రిమ్ అనే ఆదేశంతో డ్రైవు ఆ చోటుని తనంతట తానే తుడిచేసుకుంటుంది. పోగొట్టుకోలేనిది ఏదైనా కనీసం రెండు విడి డ్రైవుల్లో ఉండాలి, అందులో ఒకటి ఇంకో ఊళ్లో ఉండాలి.

మనకి ఇది కష్టమైన పని కాదు. సరిహద్దుకి రెండు వైపులా బంధువులు లేని ఇల్లు మన దగ్గర అరుదు. ఒకేలాంటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు రెండు కొని, ఒకటి ఇంట్లో, ఇంకోటి అక్క దగ్గరో మేనత్త దగ్గరో పెట్టండి. సంక్రాంతికి వెళ్లినప్పుడు కొత్త కాపీ ఉన్నది అక్కడ ఇచ్చి పాతది తెచ్చుకోండి. ఊరు ఎంచుకునేటప్పుడు మాత్రం తిత్లీని గుర్తుంచుకోవాలి. బరంపురం వాళ్ల రెండో కాపీ పలాసలోనో సోంపేటలోనో ఉంటే రెండు ఇళ్లూ ఒకే తుఫాను దారిలో ఉన్నట్టే. రాయగడ, జయపురం, హైదరాబాద్ మేలు. దస్తావేజుల స్కాన్లు తక్కువ చోటులో పడతాయి కాబట్టి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో కూడా ఒక కాపీ పెట్టుకోవచ్చు.

బీరువాలో పెట్టే కాపీకి ఎస్ఎస్‌డీ వద్దు. సెల్స్‌లో ఛార్జ్ కరెంటు లేకుండా నెమ్మదిగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా. మెమరీ చిప్పులకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రకారం ఆయుష్షు పూర్తిగా వాడేసిన ఇంటి ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది సమాచారం నిలిపితే చాలు. కొత్త డ్రైవు అంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది, అయినా ఎండాకాలం మన బీరువాల వేడి 30 దగ్గర ఆగదు. హార్డ్ డిస్కుకి ఈ బాధ లేదు. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టి, కొన్ని నెలలకోసారి తీసి తిప్పి చూడండి.

డీటీపీ చేసేవాళ్లు ఫైళ్లతోపాటు ఫాంట్లనీ బ్యాకప్‌లో పెట్టాలి. అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కట్టిన తెలుగు శుభలేఖ, ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే చదవడానికి రాని గుర్తులే కనిపిస్తాయి. వీలైతే ప్రతి పనికీ ఒక పీడీఎఫ్ కూడా తీసి ఉంచండి.

చివరిగా, విండోస్ 11 కొత్తగా వేసేటప్పుడు ఒక విషయం గమనించండి. 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెటప్ చేస్తే చాలా సిస్టమ్‌లలో డ్రైవు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతోంది, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మారుతోంది. అంతా సవ్యంగా ఉన్నంతకాలం అది మంచిదే. మదర్‌బోర్డు మార్చినప్పుడు, ఒక్కోసారి బయాస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినప్పుడు కూడా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డ్రైవు బాగానే ఉన్నా లోపలివి ఎవరూ తీయలేరు. షాపువాళ్లు వాళ్ల సొంత ఈమెయిల్‌తో సెటప్ చేసి ఇస్తే ఆ కీ వాళ్ల అకౌంటులో ఉంటుంది. సిస్టమ్ ఇంటికి తెచ్చిన రోజే అకౌంటు మీదో కాదో చూసి, కాకపోతే మార్పించుకుని, ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి ఇంటి కాగితాలతో పాటు పెట్టండి.